వలస తెలుగువారు – డ్రైవింగ్ లైసెన్సు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్వదేశంలో పొందిన డ్రైవింగ్ లైసెన్సు విదేశంలో పర్యాటకునికి చెల్లుతుంది. అదే వ్యక్తి అక్కడ స్థిరపడితే చెల్లదు. ఈ భేదం ఏదో ఒక దేశపు కార్యాలయ నిబంధన కాదు. 1909 నుండి 1968 వరకు జరిగిన అంతర్జాతీయ ఒప్పందాలలోనే దాని మూలం ఉంది. ఆ మూలాన్ని గుర్తించి, గల్ఫ్ దేశాలు, బ్రిటన్, అమెరికాలకు వలస వెళ్ళిన తెలుగువారి జీవనోపాధిపై, సంచార స్వేచ్ఛపై దాని ప్రభావాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వలస, డ్రైవింగ్ లైసెన్సు, జెనీవా ఒప్పందం, గల్ఫ్, హౌస్ డ్రైవర్, హెచ్-4, నివాసం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి వలస చరిత్రలో కాగితానికి ప్రత్యేక స్థానముంది. మారిషస్, నేటాల్, ఫిజీ తోటలకు వెళ్ళిన కూలీల చరిత్ర ‘గిర్మిట్’ అనే ఒప్పంద పత్రంతో మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధపు వలసను పాస్‌పోర్టు, వీసాల ఆధారంగా చరిత్రకారులు వివరించారు. ఈ పత్రాలన్నీ మనిషి సరిహద్దు దాటడానికి సంబంధించినవి. సరిహద్దు దాటిన తరువాత, ఆ దేశపు వీధిలో తన పని తాను చేసుకోవడానికి అవసరమయ్యే పత్రాలపై పరిశోధకుల దృష్టి అంతగా పడలేదు. వాటిలో డ్రైవింగ్ లైసెన్సు ముఖ్యమైనది.

పరదేశపు రోడ్డుపై తెలుగువారి శ్రమకు మోటారు కన్నా పాత చరిత్రే ఉంది. బ్రిటిష్ పాలనలోని రంగూన్ నగరంలో రిక్షా లాగినవారిలో అత్యధికులు తెలుగువారే. అక్కడివారు వారిని కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అని పిలిచేవారు. కాని ఆనాటి రంగూన్ భారతదేశ పాలనలోనే ఉండేది. పైగా రిక్షా లాగడానికి కావలసింది కండబలమే. మోటారు వాహనం వచ్చాక పరిస్థితి మారింది. చేతిలో నైపుణ్యం ఉన్నదని చెప్పుకుంటే సరిపోదు, ఒక ప్రభుత్వం దానికి సాక్ష్యమివ్వాలి. ఒక ప్రభుత్వమిచ్చిన సాక్ష్యాన్ని మరొక ప్రభుత్వం ఎప్పుడు నమ్ముతుంది, ఎప్పుడు నమ్మదు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

2. లైసెన్సు: అనుమతి నుండి పరీక్షకు

మోటారు వాహనం నడపడానికి తొలి అనుమతి పొందిన వ్యక్తిగా కార్ల్ బెంజ్‌ను పేర్కొంటారు. 1888లో బాడెన్ ప్రభుత్వ అధికారులు ఆయనకు లిఖితపూర్వక అనుమతినిచ్చారు. అది ఆయన నైపుణ్యానికి యోగ్యతాపత్రం కాదు. కొత్త యంత్రం చప్పుడును వీధి సహించాలని ప్రభుత్వమిచ్చిన ఆజ్ఞ మాత్రమే. 1893లో పారిస్ పోలీసు శాఖ వాహనం నడిపేవారికి సామర్థ్య పత్రాన్ని తప్పనిసరి చేయడంతో దృష్టి యంత్రం నుండి మనిషికి మళ్ళింది.

బ్రిటన్ ఈ విషయంలో వెనుకబడింది. 1903 మోటారు కార్ల చట్టం ప్రకారం అయిదు షిల్లింగులు చెల్లించి, పదిహేడేళ్ళ వయస్సు ఉంటే లైసెన్సు ఇచ్చేవారు, పరీక్ష లేదు. 1935లో గాని అక్కడ నిర్బంధ పరీక్ష రాలేదు. అమెరికాలో ఈ అధికారం రాష్ట్రాలది. మసాచుసెట్స్, మిసోరి రాష్ట్రాలు 1903లోనే లైసెన్సును ప్రవేశపెట్టగా, సౌత్ డకోటా 1954 వరకు అసలు లైసెన్సే అడగలేదు. అక్కడ పరీక్ష 1959లో వచ్చింది. నేడు వలస వచ్చినవారి నైపుణ్యాన్ని శంకించి మళ్ళీ పరీక్షకు పిలిచే దేశాలలోనే ఒక తరం మొత్తం ఏ పరీక్షా లేకుండా వాహనాలు నడిపిందన్నది గమనార్హం.

భారతదేశంలో 1914 నాటి మోటారు వాహనాల చట్టం, తరువాత 1939 చట్టం, ప్రస్తుతం అమలులో ఉన్న 1988 చట్టం ఈ వ్యవస్థను క్రమంగా రూపొందించాయి. చట్టం ఒక దారిన నడిస్తే, నేర్చుకునే పద్ధతి మరొక దారిన నడిచింది. తెలుగునాట లారీ డ్రైవరు సాధారణంగా క్లీనరుగా చేరేవాడు. టైరు మార్చడం, అద్దం తుడవడం, వెనుకకు తీసేటప్పుడు కేకవేసి దారి చూపడం నేర్చుకుంటూ, రాత్రివేళ ఖాళీ రోడ్డుపై డ్రైవరు దయతో స్టీరింగు పట్టుకునేవాడు. ఏళ్ళు గడిచాక లైసెన్సు వచ్చేది. అంటే ఆ కాగితం నేర్పును గుర్తించిందే కాని నేర్పలేదు. గురుముఖతః వచ్చిన ఈ విద్య విదేశంలో ఎదుర్కొన్న చిక్కులకు ఈ నేపథ్యం కొంతవరకు కారణం.

3. అతిథి కోసం పుట్టిన పత్రం

ఒక దేశపు లైసెన్సును మరొక దేశం గుర్తించాలన్న ఆలోచన వలస కార్మికుని కోసం పుట్టలేదు. సొంత కారులో ఐరోపా అంతటా విహరించే సంపన్నుని కోసం పుట్టింది. 1909 అక్టోబరులో పారిస్‌లో కుదిరిన తొలి అంతర్జాతీయ ఒప్పందం వాహనానికి, దానిని నడిపేవానికి కలిపి ఒకే ధ్రువపత్రాన్ని నిర్దేశించింది. కారు లేని చోదకుడు సరిహద్దు దాటుతాడని ఆనాటివారు ఊహించలేదు. 1926 పారిస్ ఒప్పందం ఈ రెండింటిని విడదీసింది. వాహనానికొకటి, మనిషికొకటి. నేడు ‘ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్’ అని పిలిచే పుస్తకానికి పూర్వరూపం అదే.

రెండవ ప్రపంచయుద్ధానంతరం 1949 సెప్టెంబరు 19న జెనీవాలో కుదిరిన రహదారి రాకపోకల ఒప్పందం ప్రస్తుత చర్చకు కీలకం. భారతదేశం ఇందులో 1962లో చేరింది. ఈ ఒప్పందంలోని 24వ అధికరణం ప్రకారం, సామర్థ్యం రుజువు చేసుకొని ఒక సభ్యదేశంలో లైసెన్సు పొందినవారిని మరొక సభ్యదేశం తిరిగి పరీక్షించకుండానే వాహనం నడపనివ్వాలి. ఇంతవరకే చదివితే ఏ తెలుగు డ్రైవరూ విదేశంలో మళ్ళీ పరీక్షకు వెళ్ళనవసరం లేదనిపిస్తుంది. కాని ఒప్పందం మొదట్లోనే ఒక పరిమితి ఉంది. ఒక దేశంలో ఏకధాటిగా ఏడాదికి మించి ఉన్న వాహనానికి గాని, చోదకునికి గాని ఈ సౌకర్యం కల్పించవలసిన బాధ్యత ఆ దేశానికి లేదు.

1968 వియన్నా ఒప్పందం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేసింది. లైసెన్సు పొందిన తరువాత తమ సాధారణ నివాసాన్ని మరొక దేశానికి మార్చుకున్నవారి లైసెన్సును ఆ దేశం గుర్తించనవసరం లేదని 41వ అధికరణం చెబుతుంది. భారతదేశం ఈ రెండవ ఒప్పందంలో చేరలేదు. చేరినా వలస వెళ్ళినవారికి ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అది వారిని మినహాయిస్తూ రాసినదే. భారతదేశపు చట్టమూ ఇందుకు భిన్నం కాదు. 1988 చట్టంలోని 139వ సెక్షను అంతర్జాతీయ అనుమతుల గురించి చెప్పేటప్పుడు ‘తాత్కాలికంగా’ దేశం వెలుపలికి వెళ్ళేవారినే ఉద్దేశించింది.

చట్టభాషలో ‘నివాసం’ అన్న మాట ఇక్కడ చేసే పని విచిత్రమైనది. హైదరాబాదు నుండి పెళ్ళికో, విహారానికో వెళ్ళి, ఆ దేశపు రోడ్లను ఎన్నడూ చూడని మనిషి దిగిన రోజే కారు అద్దెకు తీసుకోవచ్చు. అదే రోడ్డుపై కొన్ని నెలలుగా నడిపి, మలుపులన్నీ తెలిసిన మనిషి, అక్కడ నివాసిగా మారిన కారణంగా అనర్హుడవుతాడు. అనుభవం పెరిగిన కొద్దీ అర్హత తరిగిపోతుంది. భద్రత అన్న ఒక్క వాదంతో దీనిని సమర్థించడం కష్టం. తన పరిధిలో స్థిరపడినవారిని తన పుస్తకాలలోకి ఎక్కించుకోవాలన్న ప్రభుత్వపు కోరికే దీనికి ప్రధాన కారణమని భావించడం సమంజసం.

అంతర్జాతీయ పర్మిట్‌పై తెలుగు ప్రాంతాలలో ఉన్న ఒక అపోహను ఇక్కడ ప్రస్తావించాలి. ఆర్టీఓ కార్యాలయంలో రుసుము చెల్లించి తెచ్చుకున్న బూడిదరంగు పుస్తకం చేతిలో ఉంటే ఏ దేశంలోనైనా ఉద్యోగం చేయవచ్చునని నమ్మేవారున్నారు. నిజానికి అది స్వతంత్రమైన లైసెన్సు కాదు. మూల లైసెన్సుకు పలుభాషలలో చేసిన ధ్రువీకృత అనువాదం వంటిది. గడువు ఒక సంవత్సరం. 2022 ఆగస్టులో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ దేశమంతటా దీనికి ఒకే నమూనాను నిర్ణయించింది. నమూనా మారింది కాని దాని స్వభావం మారలేదు.

4. గల్ఫ్: జీవనోపాధిగా లైసెన్సు

1973 తరువాత చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాలలో పనులు పెరిగాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల నుండి, కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి వలసలు సాగాయి. వీరిలో డ్రైవర్లది ప్రత్యేకమైన స్థితి. భవన నిర్మాణ కూలీకి అక్కడ దిగిన మర్నాడే పని దొరకవచ్చు. డ్రైవరుకు ఆ దేశపు లైసెన్సు చేతికి వచ్చేవరకు తన వృత్తిలో పని లేదు. ఊరిలో చేసిన అప్పుకు మాత్రం వడ్డీ మొదటి రోజు నుండే పెరుగుతుంది.

అక్కడి పరీక్షలో తొలి అడ్డంకి శరీరానికి సంబంధించినది. భారతదేశంలో వాహనాలు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి; స్టీరింగు కుడివైపు ఉంటుంది. గల్ఫ్‌లో ఇది తలకిందులు. ఇక్కడ ఎడమచేతితో గేరు మార్చినవారు అక్కడ కుడిచేతితో మార్చాలి. కూడలిలోని వలయాన్ని ఇక్కడ సవ్యదిశలో చుట్టినవారు అక్కడ అపసవ్యదిశలో చుట్టాలి. పదేళ్ళు లారీ నడిపినవారికి ఇది కొత్తవారికన్నా కష్టం. కొత్తవారు నేర్చుకుంటే చాలు, అనుభవమున్నవారు ముందు మరచిపోవాలి.

దుబాయ్ విధానం ఈ అనుభవాన్ని గంటలలో కొలిచింది. లైసెన్సే లేనివారికి ఇరవై గంటల శిక్షణ తప్పనిసరి. స్వదేశంలో రెండు నుండి అయిదేళ్ళ లైసెన్సు ఉంటే పదిహేను గంటలు, అయిదేళ్ళు దాటితే పది గంటలు. అంటే తెలుగు డ్రైవరు అయిదేళ్ళకు పైబడిన అనుభవం విలువ అక్కడ పది గంటల తగ్గింపు. ఆపై కంటి పరీక్ష, సిద్ధాంత పరీక్ష, పార్కింగు పరీక్ష, చివరగా రోడ్డు పరీక్ష. తప్పిన ప్రతిసారీ మళ్ళీ రుసుము, మళ్ళీ తరగతులు. మొత్తం ఖర్చు వేల దిర్హామ్‌లలో ఉంటుంది. అమెరికా, బ్రిటన్, జపాన్ వంటి దేశాల లైసెన్సు ఉన్నవారికి ఈ తతంగమేదీ లేదు. కంటి పరీక్ష చేయించుకొని, కాగితం మార్చుకొంటే సరి. 2023లో భారతీయులు సహా ఇతరులు తరగతులు లేకుండా ఒక్కసారి నేరుగా పరీక్షకు వెళ్ళే అవకాశాన్ని దుబాయ్ కల్పించింది. ఆ ఒక్క ప్రయత్నంలో తప్పితే పాత దారే.

భాష మరొక అడ్డంకి. తెలుగు రాష్ట్రాలలో లెర్నర్ లైసెన్సు పరీక్షను తెలుగులో రాయవచ్చు. దుబాయ్‌లో సిద్ధాంత పరీక్షకు అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు ఉర్దూకు మొదటినుండీ చోటుంది. తరువాతి విస్తరణలో హిందీ, మలయాళం, తమిళం, బెంగాలీ చేరాయి, తెలుగు చేరలేదు. ఉత్తర తెలంగాణ నుండి వెళ్ళినవారికి ఉర్దూ చెవికి తెలిసిన భాష, కంటికి తెలిసినది కాదు. ప్రశ్న వింటే అర్థమవుతుంది, తెరపై చదవమంటే కాదు. అయినా ఆ పరిచయం వారికి కొంత మేలు చేసింది. కడప, గోదావరి ప్రాంతాలవారిలో చాలామందికి ఆ వెసులుబాటూ లేదు. లైసెన్సును అరబ్బీలో ‘రుఖ్సా’ అంటారు. హైదరాబాదు ఉర్దూలో సెలవు తీసుకోవడానికి వాడే ‘రుక్సత్’ కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే. ఇల్లు విడిచేటప్పుడు అడిగేదీ, పరాయి ఊరిలో బండి నడపడానికి అడిగేదీ ఒకే మాట కావడం యాదృచ్ఛికమే అయినా ఆసక్తికరం.

కువైట్, సౌదీ అరేబియాలలో ‘హౌస్ డ్రైవర్’ వృత్తి ఈ చరిత్రలో విడిగా చెప్పదగినది. సౌదీలో 2018 జూన్ 24 వరకు స్త్రీలు వాహనం నడపడానికి అనుమతి లేదు. ఇంటి స్త్రీలను పనిచోటికి, పిల్లలను బడికి తీసుకువెళ్ళడానికి ప్రతి మధ్యతరగతి కుటుంబానికీ ఒక పరాయి పురుషుడు అవసరమయ్యాడు. ఒక దేశపు స్త్రీలకు లేని లైసెన్సే మరొక దేశపు పురుషులకు ఉపాధి అయింది. అయితే గిరాకీకి ఇదొక్కటే కారణం కాదు. స్త్రీలు చాలాకాలంగా వాహనాలు నడుపుతున్న కువైట్‌లో కూడా ఈ వృత్తి విస్తరించింది.

కువైట్‌లో 2010 తరువాతి దశాబ్దంలో విదేశీయుల లైసెన్సుపై ఆంక్షలు బిగిశాయి. సాధారణ ఉద్యోగికి నెలకు ఆరువందల దీనార్ల జీతం, విశ్వవిద్యాలయ పట్టా, రెండేళ్ళ నివాసం ఉండాలన్నారు. రోడ్లపై రద్దీ తగ్గించడం ఇందుకు చెప్పిన కారణం. హౌస్ డ్రైవరుకు వృత్తిరీత్యా మినహాయింపు ఉంది. ఈ మినహాయింపు స్వభావాన్ని జాగ్రత్తగా చూడాలి. ఇక్కడ లైసెన్సు నైపుణ్యానికి సాక్ష్యం కాదు, వృత్తికి అనుబంధం. వృత్తి ఆ ఇంటి యజమాని అయిన ‘కఫీల్’తో ముడిపడి ఉంది. ఆ బంధం తెగితే నివాసానుమతితో పాటు లైసెన్సూ ప్రమాదంలో పడుతుంది. చేతిలోని నేర్పు మాత్రం అలాగే ఉంటుంది. జీతం సరిగా అందకపోయినా, పనివేళలకు హద్దు లేకపోయినా డ్రైవరు నోరు మెదపలేకపోవడానికి ఈ ముడి కూడా ఒక కారణం.

5. బ్రిటన్ జాబితా

బ్రిటన్‌లో స్థిరపడిన భారతీయుడు తన లైసెన్సుతో పన్నెండు నెలలు నడపవచ్చు. తరువాత తాత్కాలిక లైసెన్సు తీసుకొని సిద్ధాంత పరీక్ష, రోడ్డు పరీక్ష నెగ్గాలి. ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికా, జింబాబ్వే, సింగపూర్, బార్బడోస్ లైసెన్సులు ఉన్నవారికి పరీక్ష లేదు, కాగితం మార్చుకుంటారు. ఆ జాబితాలో భారతదేశం లేదు. రోడ్డుకు ఎడమవైపు నడవడం మొదలుకొని చట్టపు చట్రం వరకు బ్రిటన్ నుండే తెచ్చుకున్న దేశానికి ఆ బ్రిటన్‌లోనే ఈ స్థితి.

2021లో ఆ జాబితాలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ చేరింది. దుబాయ్‌లో అన్ని పరీక్షలూ నెగ్గి లైసెన్సు తెచ్చుకున్న తెలుగువ్యక్తి ఆ కాగితంతో బ్రిటన్‌లో పరీక్ష లేకుండా లైసెన్సు పొందే వీలు దీనివల్ల కలిగింది. పుట్టిన దేశమిచ్చిన సాక్ష్యం చెల్లని చోట, పనిచేసిన దేశమిచ్చిన సాక్ష్యం చెల్లుతున్నది. ఎడమవైపు నడపడం నేర్చుకున్న లైసెన్సును కాదని, కుడివైపు నడపడం నేర్చుకున్న లైసెన్సును అంగీకరించడం రోడ్డు భద్రతాశాస్త్రంతో వివరించదగిన విషయం కాదు. పరీక్షా విధానంపై ఒక ప్రభుత్వానికి మరొక ప్రభుత్వంపై ఉన్న నమ్మకమే ఇక్కడ లెక్క. తెలుగునాట దళారి చేతికి డబ్బిచ్చి, ట్రాకుపై బండి ఎక్కకుండానే లైసెన్సు తెచ్చుకున్నవారు ఉన్నారన్నది దాచవలసిన విషయం కాదు. ఆ అపనమ్మకపు మూల్యాన్ని నిజంగా నేర్చుకున్నవారు కూడా చెల్లిస్తున్నారు.

6. అమెరికా: గడువుతో ముడిపడిన చక్రం

1990 నాటి వలస చట్టం హెచ్-1బి వీసాను ప్రవేశపెట్టింది. ఆ దశాబ్దం చివర కంప్యూటర్ల 2000 సంవత్సర సమస్య వల్ల తెలుగు ఇంజనీర్ల వలస ఊపందుకుంది. వీరిలో అనేకులు ఇక్కడ స్కూటరో మోటారుసైకిలో నడిపినవారే కాని కారు స్టీరింగు పట్టినవారు కారు. ప్రజారవాణా అరుదైన అమెరికా శివారు పట్టణాలలో లైసెన్సు లేనివారికి కూరగాయల దుకాణం కూడా దూరమే. కొత్తగా నివాసం ఏర్పరచుకున్నవారు స్థానిక లైసెన్సు తీసుకోవడానికి కాలిఫోర్నియా ఇచ్చే వ్యవధి పది రోజులు, టెక్సాస్‌లో తొంభై రోజులు. ఒకే దేశంలో ‘నివాసి’ అన్న పదానికి ఇన్ని కొలతలు.

పరీక్షలో తెలుగువారు తడబడే చోట్లు ఇక్కడి రోడ్డు సంస్కృతిని పట్టిస్తాయి. ‘స్టాప్’ గుర్తు వద్ద ఎదురుగా ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. నాలుగు వైపులా ఆ గుర్తున్న కూడలిలో ముందు వచ్చినవారు ముందు పోవాలి. వంతు అన్నది పోలీసు లేకుండా, దీపం లేకుండా, కేవలం చూపులతో నడుస్తుంది. బడి బస్సు ఎర్రదీపాలు వెలిగిస్తే, మధ్యలో విభాజకం లేని రోడ్డుపై ఎదురుగా వచ్చే వాహనాలు కూడా నిలిచిపోవాలి. మన లారీల వెనుక హారన్ మోగించమని రంగులలో రాసి ఉంటుంది. అది ‘నేను వస్తున్నాను’ అని చెప్పే మర్యాద. అమెరికాలో అదే శబ్దం కోపానికో, ప్రమాదానికో గుర్తు. ఈ నియమాలు పుస్తకంలో చదివితే తెలిసేవే, కాని అలవాటు పుస్తకం చదవదు.

పరీక్ష నెగ్గిన తరువాత మొదలయ్యేది మరొక సమస్య. 2005లో వచ్చిన రియల్ ఐడి చట్టం ప్రకారం, తాత్కాలిక వీసాపై ఉన్నవారికి ఆ చట్టానుగుణంగా ఇచ్చే లైసెన్సు గడువు వారి నివాసానుమతి గడువును దాటరాదు. వీసా పొడిగింపు దరఖాస్తు విచారణలో ఉండగా హెచ్-1బి ఉద్యోగి 240 రోజులవరకు పని కొనసాగించవచ్చు. కాని పాత తేదీతో ఉన్న లైసెన్సు ఈలోగా ముగిసిపోవచ్చు. పనిచేసే హక్కు ఉంటుంది, పనికి కారు నడుపుకొని వెళ్ళే హక్కు రాష్ట్రపు నియమాన్ని బట్టి ఉంటుంది.

ఈ ముడి ఎక్కువ బిగిసింది హెచ్-4 వీసాపై వెళ్ళిన భార్యల విషయంలో. 2015 మే వరకు వీరికి ఉద్యోగానుమతి లేదు. తరువాత కూడా కొందరికే దక్కింది. ఉద్యోగానుమతి లేనివారికి సోషల్ సెక్యూరిటీ సంఖ్య రాదు. అనేక రాష్ట్రాలలో లైసెన్సు దరఖాస్తుకు ఆ సంఖ్య కావాలి. అది లేనివారు, దానికి తాము అర్హులు కామని సంబంధిత కార్యాలయం నుండి లేఖ తెచ్చుకొని సమర్పించాలి. తనకు లేనిదాన్ని రుజువు చేసే కాగితం అది. చిరునామాకు ఆధారం అడిగితే ఇంటి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు భర్త పేరుతో ఉంటాయి. హైదరాబాదులోనో, విజయవాడలోనో సొంత స్కూటరుపై ఉద్యోగానికి వెళ్ళివచ్చిన స్త్రీ ఇక్కడ పాల డబ్బాకు కూడా సాయంత్రం భర్త వచ్చేవరకు ఎదురుచూడవలసి వచ్చింది. వీరికి లైసెన్సు వచ్చిన రోజు ఒక పత్రం చేతికి వచ్చిన రోజు మాత్రమే కాదు. పిల్లలను బడి నుండి తెచ్చుకోవడం, గ్రంథాలయానికి వెళ్ళడం, జ్వరం వచ్చిన రాత్రి ఆసుపత్రికి బయలుదేరడం తన చేతిలోకి వచ్చిన రోజు.

నివాసానుమతితో నిమిత్తం లేకుండా లైసెన్సునిచ్చే చట్టాన్ని కాలిఫోర్నియా 2013లో ఆమోదించి 2015 జనవరి 1 నుండి అమలుచేసింది. రోడ్డుపై ఉన్నవారందరూ పరీక్ష నెగ్గి, బీమా కలిగి ఉండటమే భద్రత అన్నది దాని వెనుక ఉన్న వాదం. వీసాను, నైపుణ్యాన్ని విడివిడిగా చూసిన ప్రయత్నంగా దీనిని పేర్కొనవచ్చు.

7. తిరిగివచ్చిన డ్రైవరు

గల్ఫ్ నుండి తిరిగివచ్చినవారి స్థితిని పరిశీలిస్తే ఈ చరిత్ర మరొక మలుపు తీసుకుంటుంది. లారీ, బస్సు వంటి రవాణా వాహనాల లైసెన్సు భారతదేశంలో 2019 సవరణకు ముందు మూడేళ్ళకే చెల్లేది. ఆ సవరణ దానిని అయిదేళ్ళకు పెంచింది. గల్ఫ్ ఒప్పందం సాధారణంగా రెండేళ్ళు. ఒకసారి పొడిగించుకుంటే పాత లెక్కన ఇంటి లైసెన్సు ముగిసిపోయినట్లే. గడువు ముగిసిన అయిదేళ్ళవరకు పరీక్ష లేకుండా పునరుద్ధరించుకునే వీలు పూర్వం ఉండేది. 2019 సవరణ ఆ అయిదేళ్ళను ఒక్క ఏడాదికి కుదించింది. విదేశంలో ఉన్నవారు అంతర్జాతీయ పర్మిట్‌ను భారత రాయబార కార్యాలయాల ద్వారా పునరుద్ధరించుకునే సౌకర్యాన్ని 2021 జనవరిలో కేంద్రం కల్పించింది. అది పర్మిట్‌కు మాత్రమే.

కువైట్ రోడ్లపై పదేళ్ళు ఒక కుటుంబపు పిల్లలను ఏ ప్రమాదమూ లేకుండా బడికి చేర్చిన డ్రైవరు, ఒప్పందం ముగిసి జగిత్యాలకో రాయచోటికో చేరుకుంటాడు. అతని దగ్గరున్న అరబ్బీ లైసెన్సు ఇక్కడ చూపడానికి పనికిరాదు. ఇక్కడ పొందిన పాత లైసెన్సు గడువు ఏనాడో దాటింది. కుడిచేతికి అలవాటైన గేరును మళ్ళీ ఎడమచేతికి మార్చుకొని, ఆర్టీఓ కార్యాలయం వెనుక ఉన్న హెచ్ ఆకారపు ట్రాకు వద్ద, పద్దెనిమిదేళ్ళ కుర్రవాళ్ళ వరుసలో అతడు తన వంతు కోసం నిలబడతాడు.